ఆవిడకు బాధ చాలదట

మా క్లాసురూములో బల్లల కంటే గోడలకే పని ఎక్కువ. పీజీలో చేరిన కొత్తలోనే మేడం ఆ సంగతి చెప్పేశారు. "మీ బుర్రలో ఉన్నది మీకు తప్ప ఎవరికీ కనపడదు. గోడమీద పెట్టండి. గోడమీద లేనిది అసలు లేనట్టే" అన్నారు. అందుకే ఆ హాలు గోడలన్నిటికీ తెల్లటి దళసరి కాగితాలు అతికించి ఉండేవి. జట్టుకొక గోడ ముక్క.

మాది వ్యాపారం మొదలుపెట్టడం నేర్పే చదువు. కొత్త వస్తువు ఎలా కనిపెట్టాలి, దాన్ని కొనేవాళ్ళను ఎలా వెతకాలి, నలుగురిచేత ఎలా ఔననిపించుకోవాలి, ఇవీ పాఠాలు. ఆంట్రప్రెన్యూర్‌షిప్ అన్న మాట మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. చుట్టాలు అడిగితే నాన్న "బిజినెస్సు చదువుతోంది" అని తేల్చేసేవాడు. "అయితే ఏం అమ్ముతావే?" అని పెదనాన్న నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా అడిగేవాడు. "ఇంకా తెలీదు పెదనాన్నా" అంటే, "తెలియకుండానే ఇన్నాళ్ళు చదివేశావా, గట్టిదానివే!" అని పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

మా జట్టులో ముగ్గురం. కెప్టెన్ ఈ చదువుకు రాకముందు ఇంటింటికీ తిరిగి నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవాడు. ఎవరితో మాట్లాడినా, వాళ్ళు అప్పుడే తలుపు తీసినట్టూ, మళ్ళీ వేసేసుకునేలోపు చెప్పేయాలన్నట్టూ మాట్లాడతాడు. రెండోవాణ్ణి అందరూ కరెంటు అంటారు. చొక్కా జేబులో ఎప్పుడూ తీగముక్కలే. మూడోదాన్ని నేను. నాకు కెప్టెన్ పెట్టిన పేరు మూగనోము.

మేము చేయాలనుకున్నది ఒక గుండీ. చొక్కాకో గౌనుకో మామూలు గుండీలాగే కుట్టేసుకోవచ్చు. కుట్టుకున్న మనిషి ఎక్కడున్నదీ ఇంట్లోవాళ్ళ ఫోనులో పచ్చ దీపంలా కనపడాలి. మతిమరుపు పెద్దవాళ్ళు ఇల్లు దాటి వెళ్ళిపోతే వెతుక్కోవడానికి. అయితే మా దగ్గర అప్పటికి ఉన్నది ఖాళీ ప్లాస్టిక్ డొల్ల ఒక్కటే. లోపల పెట్టాల్సింది కరెంటు ఇంకా తయారు చేయలేదు. చేయొద్దని మేడమే ఆపారు.

"వస్తువు తర్వాత. ముందు మనిషిని తయారుచేయండి" అన్నారు.

అది మా చదువులో ఒక పద్ధతి. మన సరుకు కొనబోయే మనిషిని ఊహించి, ఆ మనిషి ఇల్లూ వాకిలీ, పనీ పాటా, అలవాట్లూ భయాలూ అన్నీ గోడమీద రాయాలి. దానికి మేడం పెట్టిన నియమం ఒకటుంది. ఏ మాట రాసినా జట్టులో ప్రతివాళ్ళూ దాని పక్కన తమ రంగు చుక్క అంటించాలి. గుండ్రటి చిన్న స్టిక్కర్లు. కెప్టెన్‌ది ఎరుపు, కరెంటుది నీలం, నాది పసుపు. ఒక్క చుక్క తక్కువైనా ఆ మాట చెల్లదు. తర్వాత ఎవరైనా తమ చుక్క పీకేస్తే ఆ మాట రద్దు.

కెప్టెన్ పెద్ద గుండ్రటి ముఖం గీసి, కళ్ళూ ముక్కూ పెట్టకుండా నావైపు తిరిగాడు. "చెప్పు తల్లీ. మనుషుల్ని గుచ్చి గుచ్చి చూసేది నువ్వే కదా."

నేను చెప్పాను. ఇస్త్రీ కొట్టు నడుపుతుంది. ఒకే షట్టరు పట్టే ఇరుకు గది. ఎడమ మణికట్టు మీద పాత కాలిన మచ్చ, అందుకే గడియారం కుడిచేతికి పెట్టుకుంటుంది. టీ వేడిగా తాగదు, సాసరు మూసిపెట్టి చల్లారాక తాగుతుంది. మొగుడు ఊళ్ళోనే సరుకుల వ్యాను తోలతాడు. అత్తగారు బతుకంతా చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టింది, ఇప్పటికీ కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. అత్తాకోడళ్ళు రోజంతా దెప్పుకుంటారు, ఒకరు లేకపోతే ఒకరికి అన్నం సహించదు. ఐదేళ్ళ పాప. ముందుపన్ను ఊడింది, ఆ సందులోంచి ఈల వేస్తుంది.

అలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు. నోటికి ఎలా వచ్చిందో అలా చెప్పుకుంటూ పోయాను. ప్రతి లైను పక్కనా మూడు చుక్కలు పడ్డాయి. పేరు పెట్టలేదు. ముగ్గురం 'ఆవిడ' అనేవాళ్ళం. పక్క జట్టువాళ్ళు కెప్టెన్ కనపడితే చాలు, "ఏరా, మీ ఆవిడ బాగుందా?" అని ఆట పట్టించేవాళ్ళు. "నీ మొహం, నాకంటే పెద్దదిరా" అనేవాడు వాడు.

మేడం ఒక మధ్యాహ్నం వచ్చి గోడంతా చదివారు. మేడం ఎప్పుడూ కూర్చోరు, గొంతూ పెంచరు. "ప్రాణం ఉంది. చాలా బాగుంది. కానీ ఈవిడ మీ గుండీ ఎందుకు కొనాలి?"

"అత్తగారు ఎక్కడికైనా తప్పిపోతే..." అన్నాడు కెప్టెన్.

"కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించే మనిషి ఎక్కడికి తప్పిపోతుంది? మీ కంటే గట్టిగా ఉంది." క్లాసంతా నవ్వింది. మేడం మాత్రం నవ్వలేదు. వేలితో ఆ కళ్ళులేని ముఖం మీద మెల్లగా తట్టారు. "ఈవిడ సుఖంగా ఉంది. సుఖంగా ఉన్నవాళ్ళు ఏమీ కొనరు. ఈవిడకు బాధ చాలదు. పెంచండి."

ఆ మాట మా క్లాసులో రోజూ వినేదే. "మా డ్రైవరుకు నడుంనొప్పి ఇంకాస్త పెంచాం మేడం" అని పక్క జట్టువాళ్ళు మామూలుగా చెప్పేవాళ్ళు. మేమూ పెంచాం. అత్తగారికి మతి తప్పుతోంది, మనుషులను పోల్చుకోవడం లేదు అని కెప్టెన్ రాశాడు. ముగ్గురం చుక్కలు పెట్టాం. నేను పెట్టిన చుక్క కొంచెం వంకరగా పడితే వేలితో సరిచేశాను కూడా.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఇస్త్రీ అవసరం పడింది. క్లాసులో మాట్లాడే రోజున నలిగిన బట్టలతో రావొద్దని కెప్టెన్ ముందే హెచ్చరించాడు. మా హాస్టలు వెనక ఒక సందు ఉంది. కాలేజీకి రోజూ అందులోంచే నడుస్తాను. సందు మధ్యలో తుప్పు పట్టిన షట్టరు ఒకటి ఎప్పుడూ కిందికే ఉండేది. ఆ రోజు అది పైకి లేచి ఉంది.

లోపల ఒకామె బట్టల మీద నీళ్ళు చిలకరిస్తోంది. ఎడమ మణికట్టు మీద మచ్చ నున్నగా మెరుస్తోంది. గడియారం కుడిచేతికి ఉంది. బల్ల చివర గ్లాసు మీద సాసరు బోర్లించి ఉంది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"రామ్మా, ఇలా ఇవ్వు. ఒకటేనా?"

"ఒకటే అక్కా" అన్నాను. "ఈ కొట్టు ఎప్పుడు పెట్టారు?"

"ఎప్పుడేంటి! నాకు పెళ్ళైనప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాగా. రోజూ ఈ ముందునుంచే పోతావు, నిన్ను చూస్తూనే ఉంటాను. తల వంచుకుని పోతావు, నీకేం కనపడుతుంది?"

మూల స్టూలు మీద కూర్చున్న ముసలామె నన్ను ఎగాదిగా చూసి, ఫ్యాక్టరీలో కొత్తగా చేరినదాన్ని అడిగినట్టు అడిగింది. "ఏ సెక్షను అమ్మాయ్ నువ్వు? కాలర్లా, కఫులా?"

"మా అత్తగారు. ఏమీ అనుకోకు" అంది అక్క. ఇస్త్రీపెట్టె ఆగింది. "మొన్నమొన్నటిదాకా నాకు వంకలు పెట్టడంలో మొనగత్తె. పప్పులో ఉప్పు దగ్గర మొదలుపెడితే పొద్దు గూకేదాకా సాగేది. ఉన్నట్టుండి ఒక పొద్దున లేచి నన్నే 'ఎవరమ్మా నువ్వు' అంది. పోట్లాడుకోవడానికి కూడా మనిషి లేకుండా పోయింది నాకు."

బల్ల కిందనుంచి ఈల వినిపించింది. పన్ను సందులోంచి వచ్చే ఈల. వంగి చూస్తే పాప నవ్వింది.

మర్నాడు జట్టులో చెప్పాను. కెప్టెన్ తేలిగ్గా తీసేశాడు. "రోజూ ఆ సందులోంచే వస్తావు కదా తల్లీ. ఎప్పుడో చూశావు, మనసులో పడింది, గోడమీదికి వచ్చింది. ఇందులో దయ్యాలేం లేవు."

"అత్తగారికి మతి తప్పిందని మనం తర్వాత కదా రాశాం?"

"ముసలివాళ్ళకు మతి తప్పక కుర్రాళ్ళకు తప్పుతుందా? అయినా మంచిదేగా! మనకు నిజం కస్టమరు దొరికింది."

కరెంటు మాత్రం తీగముక్కను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. కెప్టెన్ టీకి వెళ్ళాక నెమ్మదిగా అన్నాడు. "నేనూ ఆ సందులోంచే వస్తాను. షట్టరు మూసే ఉండేది."

అయినా కెప్టెన్ మాటే నమ్మాలనిపించింది. అది నమ్మితే రాత్రి నిద్రపట్టేది. అందుకే రెండోసారి బాధ పెంచాల్సి వచ్చినప్పుడు గట్టిగా వద్దనలేదు. మొగుడు ఊళ్ళోనే ఉంటే అత్తగారిని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉన్నట్టే కదా, గుండీ ఎందుకు అని మేడం అడిగారట.

"మొగుణ్ణి తీసేద్దాం" అన్నాడు కెప్టెన్, మార్కరు మూత తీస్తూ.

"తీసేయడమేంటి?"

"గుండెపోటు. ఒక్క లైను."

"వద్దు" అన్నాను. "దూరం పంపిద్దాం. లారీ మీద. నెలల తరబడి రాడు. అది చాలదా?"

"అబ్బో, మూగనోముకు బేరం కూడా వచ్చే!" అని నవ్వి, నేను చెప్పినట్టే రాశాడు. మూడు చుక్కలు.

మర్నాడు సాయంత్రం కొట్టుకు వెళ్ళాను. అక్క ఒకే చొక్కాను మళ్ళీ మళ్ళీ రుద్దుతోంది.

"ఆయన వెళ్ళిపోయాడమ్మా. లారీ మీద, ఎక్కడో దూరం. నిన్న ఫోను వచ్చింది, పొద్దున్నే బయలుదేరమన్నారు. ఎప్పుడో ఉద్యోగానికి పెట్టుకున్న అర్జీ అట. పెట్టుకున్నట్టు ఆయనకే గుర్తులేదు." ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక మాట అన్నాడు. 'ముందు ఇంకేదో అనుకున్నారట, ఇదే నయం' అన్నాడు. ఎవరు అనుకున్నారు, ఏం అనుకున్నారు అని అడిగితే ఆయనకూ తెలీదు. నాలుక మీదికి వచ్చేసిందట."

అక్కడినుంచి తిన్నగా కాలేజీకి నడిచాను. గోడమీద 'అత్తగారికి నయమైంది, మొగుడు తిరిగొచ్చాడు' అని రాసి నా పసుపు చుక్క పెట్టాను. కరెంటు వచ్చి చదివాడు. ఏమీ అడగకుండా నీలం చుక్క అంటించాడు. కెప్టెన్ చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"మీ ఇద్దరికీ ఏం పట్టింది? ఫైనల్ ముంగిట్లో పెట్టుకుని కస్టమరును సుఖపెడతారా?"

"అయితే మా చుక్కలు మేం పీకేస్తాం" అన్నాను.

"పీకెయ్. జట్టు చెదిరిపోయిందని మేడంకు చెప్తాను. ముగ్గురం మళ్ళీ మొదటినుంచి, కొత్త మనిషితో. ఇంకో ఆవిడ, ఇంకో అత్తగారు. అది నయమా?"

నా చెయ్యి గోడ దగ్గరే ఆగిపోయింది. ఇంకో సందులో ఇంకో షట్టరు లేవడం కళ్ళముందు కదిలింది. ఎర్ర చుక్క పడలేదు. మర్నాడు సాయంత్రం కొట్టుకు వెళ్తే ముసలామె నన్ను మళ్ళీ అడిగింది, కాలర్లా, కఫులా అని.

ఫైనల్ అంటే మా గుండీ కథను డబ్బు పెట్టేవాళ్ళ ముందు చెప్పే రోజు. దానికి ముందు మేడం చివరిసారి గోడ చూశారు. "అంతా ఉంది. ఆ ఒక్క రోజే లేదు" అన్నారు. "ఈ గుండీ లేకపోతే బతకలేను అని ఈవిడకు అనిపించిన రోజు. అది రాయండి."

కెప్టెన్ రాసింది ఇది: 'ఒక సాయంత్రం అత్తగారు పాప చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. చీకటి పడింది. ఎక్కడున్నారో తెలియదు.' పక్కన ఎర్ర చుక్క పెట్టాడు.

"పాప వద్దు" అన్నాను.

"పాపే కావాలి. ముసలామె ఒక్కతే పోతే జనం అయ్యో అంటారు. పాప కూడా ఉంటే ఊపిరి బిగబడతారు."

"కెప్టెన్, నీకు దణ్ణం పెడతాను. వచ్చి ఒక్కసారి ఆ పిల్లను చూడు."

"చూస్తే నేనూ నీలాగే అవుతాను. అందుకే చూడను." వాడి గొంతు ఎందుకో తగ్గింది. "చచ్చిపోయిందని రాయలేదు కదా తల్లీ. తెలియదు అనే రాశాను."

నా పసుపు చుక్కల కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. కరెంటు కూడా చుక్క పెట్టనన్నాడు. ఇద్దరం హాలు దాటి వచ్చేశాం. నియమం నియమమే, రెండు చుక్కలు తక్కువైన మాట చెల్లదు అని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు సాయంకాలం హాలుకు వెళ్ళేసరికి ఆ లైను పక్కన మూడు చుక్కలు ఉన్నాయి.

మేడం కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో కొత్త చుక్కల కాగితాలు, అన్ని రంగులవీ. "మీరిద్దరూ జంకుతున్నారని కెప్టెన్ చెప్పాడు. మొదటిసారి అందరూ జంకుతారు" అన్నారు. "జట్టు ఆగిపోతే కదిలించడం నా పని."

నేను పరుగెత్తాను.

కొట్టు ముందు అక్క రోడ్డు మీద నిలబడి ఉంది. లోపల ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయి పొగ వస్తోంది. ఆమెకు ఆ వాసన తెలియడం లేదు. "సోడా కొనిపెట్టమంది పాప. చిల్లర కోసం వెనక్కి తిరిగాను. తిరిగి చూస్తే స్టూలు ఖాళీ. అటు చివరిదాకా వెళ్ళాను, ఇటు చివరిదాకా వెళ్ళాను. నువ్వు వచ్చే దారిలో కనపడ్డారా? గళ్ళ గౌను వేసుకుంది..."

"లేదక్కా" అన్నాను. ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టాను. చుట్టుపక్కల వాళ్ళు అప్పటికే తలో దిక్కూ వెతకడానికి పోయారు. ఎంతమంది ఎన్ని వీధులు తిరిగినా దొరకరని నాకు ఒక్కదానికే తెలుసు. ఎక్కడున్నారో తెలియదు అని గోడమీద రాసి ఉంది.

వెనక్కి పరుగెత్తాను. దారిలో కరెంటు ఎదురైతే చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. హాల్లో కెప్టెన్ ఒక్కడే ఉన్నాడు, అద్దం ముందు నిలబడినట్టు గోడ ముందు నిలబడి రేపటి మాటలు వల్లె వేస్తున్నాడు. మార్కరు తీసుకుని ఆ లైను కింద 'ఇద్దరూ దొరికారు, క్షేమంగా ఉన్నారు' అని రాశాను. పసుపు చుక్క. నీలం చుక్క.

"కెప్టెన్, పెట్టు."

వాడు చదివాడు. మా ఇద్దరి ముఖాలూ చూశాడు. మొదటిసారి వాడికి మాట తడుముకోవాల్సి వచ్చింది. "నిజంగానే పోయారా?"

"చీకటి పడిపోతోంది. పెట్టు."

ఎర్ర చుక్క వేలి చివరన అంటించుకున్నాడు. గోడదాకా తెచ్చి ఆపాడు. "ఉత్తినే దొరికితే మన గుండీ దేనికి? రేపు వాళ్ళు మొదట అడిగేది అదే." మార్కరు అందుకుని నా వాక్యం ముందు ఒక్క మాట చేర్చాడు. ఇప్పుడది 'గుండీ వల్ల ఇద్దరూ దొరికారు, క్షేమంగా ఉన్నారు' అయింది.

"గుండీ ఎక్కడుందిరా!" అన్నాడు కరెంటు. "అది ఉత్త డొల్ల. లోపల ఏమీ లేదు. అందులోనూ అది ఆ పిల్ల ఒంటి మీద లేదు, అదిగో నా ట్రేలో ఉంది."

"గోడకు ఆ సంగతి తెలియదుగా" అన్నాడు కెప్టెన్.

అప్పుడర్థమైంది. వాడు మొదటినుంచీ నమ్ముతూనే ఉన్నాడు.

వాదించే వ్యవధి లేదు. నేను తల ఊపాను, కరెంటు కూడా ఊపాడు. ఎర్ర చుక్క పడింది. హాల్లో ఎక్కడా ఏ చప్పుడూ కాలేదు, లైట్లు కూడా మిణుకుమనలేదు. కరెంటు తన బల్ల దగ్గరికి వెళ్ళాడు. ట్రే ఖాళీగా ఉంది. దాని పక్కన కంప్యూటరు తెరమీద, ఇన్నాళ్ళూ బూడిద రంగులో పడి ఉన్న పటంలో ఒక పచ్చ దీపం వెలుగుతోంది.

ముగ్గురం ఆ దీపం చూపిన చోటికి వెళ్ళాం. పాత రోడ్డు చివర, మూతపడిన చొక్కాల ఫ్యాక్టరీ. గేటు ముందు అరుగు మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ముసలామె పాప మెడ దగ్గరికి వంగి, పళ్ళతో దారం కొరుకుతోంది. మమ్మల్ని చూసి కోప్పడింది. "ఇంతసేపా? షిఫ్టు ఎప్పుడో అయిపోయింది. నా వంతు కుట్టేశాను, చూసుకోండి."

గళ్ళ గౌను కాలరు మీద మా గుండీ ఉంది. నాలుగు కుట్లు, ఎక్కడా వంక లేదు. దాన్ని ఎవరిచ్చారు, సూది ఎక్కడిది అని అడిగితే ఆమె నావైపు జాలిగా చూసింది. పాప నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది. అప్పటికి ఏడుపొచ్చింది నాకు.

ఇద్దరినీ కొట్టుకు తీసుకొచ్చాక అక్క పాపను ఎత్తుకుని వదల్లేదు. తర్వాత కెప్టెన్ రెండు చేతులూ పట్టుకుంది. "మీరెవరో గానీ బాబూ..." అంటూ కళ్ళకు అద్దుకుంది. కెప్టెన్ చూపు తిప్పేసుకున్నాడు.

మరుసటి రోజు కథ వాడే చెప్పాడు. తెరమీద ఇస్త్రీ కొట్టు ఉన్నచోట పచ్చ దీపం నిలకడగా వెలిగింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. డబ్బు పెట్టేవాళ్ళు ఒక నమూనా అడిగారు. రెండోది చేయడం కరెంటుకు చేతకాలేదు. ఆ మొదటిది ఎలా పనిచేస్తోందో వాడికి తెలిస్తే కదా.

పండగలా గడిచిపోయిన ఆ రోజు తర్వాత, వారం తిరక్కుండానే, ఒక సాయంత్రం అక్క నన్ను పిలిచింది. "ఇది ఊడటం లేదమ్మాయ్. గౌను ఉతకాలి కదా, తీసి పక్కన పెడదామంటే కత్తెర జారిపోతోంది. పెద్ద కత్తెరా పెట్టి చూశాను. గౌనే మార్చేశాననుకో, పొద్దున్నకి కొత్త గౌను కాలరు మీద ఉంటోంది. అత్తయ్యే కుడుతోందేమో, ఆమెకు తెలీదంటుంది." గొంతు తగ్గించి అడిగింది. "మీరు తీసేయగలరా?"

తీయగలను. నా పసుపు చుక్క పీకేస్తే చాలు, ఆ వాక్యం రద్దవుతుంది. గుండీ పోతుంది. కానీ ఆ వాక్యంలో గుండీ ఒక్కటే లేదు. ఇద్దరూ దొరికారు అన్నది కూడా అందులోనే ఉంది. దాని పై లైనులో ఎక్కడున్నారో తెలియదు అన్నది మూడు చుక్కలతో అలాగే ఉంది. ఆ చుక్కల్లో ఒక్కటీ నాది కాదు; ఎరుపు కెప్టెన్‌ది, వాడు పీకడు, మిగతా రెండూ మేడం అంటించినవి. పీకడానికి మేడం ఒప్పుకోరు. అడిగాను. "పై లైను లేకపోతే కింది లైను ఎక్కడినుంచి వస్తుందమ్మా?" అన్నారు, పాఠం చెప్పినట్టే.

"ఉండనివ్వక్కా" అన్నాను. "దానికేం హాని లేదు."

అక్క నా ముఖంలో ఏం చూసిందో, మళ్ళీ అడగలేదు. ఆ రోజు నుంచి నా బట్టలకు డబ్బులూ తీసుకోవడం లేదు, నాతో ఎక్కువ మాటలూ ఆడటం లేదు.

చదువు పూర్తయ్యాక కొత్త బ్యాచీ కోసం గోడలు ఖాళీ చేశారు. అందరి కాగితాలూ చించి మూటలు కట్టారు. మాది నేను ముందే ఊడదీసి, చుట్టి, గదికి తెచ్చుకున్నాను. కెప్టెన్ అడ్డు చెప్పలేదు. వాడికి దూరాన మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు గుమ్మం బయటే నిలబడి, "జాగ్రత్తగా పెట్టు తల్లీ" అన్నాడు. వాడు నాతో అమ్మకం గొంతు లేకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

నాన్న ఫోను చేసినప్పుడల్లా ఇంటికెప్పుడొస్తావని అడుగుతాడు. ఇక్కడే చిన్న పని దొరికిందని చెప్పాను. ఇంకో ఏడాదికి ఈ గదే తీసుకున్నాను. కిటికీలోంచి సందు కనపడుతుంది. కాగితాన్ని ఎండ తగలని గోడకు పెట్టాను. ఒక లైను పోతే దానిమీద నిలబడ్డ మిగతావేమవుతాయోనని పాత లైన్ల చుక్కలు కూడా ముట్టుకోలేదు. స్టిక్కర్లు పాతబడ్డాయి, అంచులు ఎండి లేస్తున్నాయి. జిగురు రాస్తే నిలవడం లేదు, టేపు వేస్తే తెల్లారేసరికి టేపు కింద పడి ఉంటోంది. వేలితో నొక్కితే మాత్రం కాసేపు అతుక్కుంటుంది.

ఈ సాయంత్రం 'ఇద్దరూ దొరికారు' అన్న లైను పక్కన ఎర్ర చుక్క సగందాకా లేచింది. బొటనవేలు దానిమీద పెట్టి, తల తిప్పి కిటికీలోంచి చూశాను. అక్క షట్టరు సగం దించి లోపల సర్దుతోంది. పాప సందు మధ్యలో ఒంటికాలి మీద గెంతుతూ, ఆ చివరికి వెళ్ళి, మలుపు దగ్గర ఆగింది. ఎవరో పిలిచినట్టు అటే చూస్తోంది. నేను ఇంకాస్త గట్టిగా నొక్కాను. అక్క పిలిచింది. పాప కదల్లేదు. రెండోసారి పిలిచింది. వేలి గోరు తెల్లబడిపోయింది. పాప మెల్లగా వెనక్కి తిరిగి, షట్టరు కింద వంగి లోపలికి పోయింది.

షట్టరు పూర్తిగా దిగేదాకా నేను వేలు తీయలేదు.